దోమకన్నా ముందొచ్చే సాలీడు

నాట్లు పడి నెల దాటిన వరిచేలోకి దిగి, ఒక దుబ్బును పక్కకు వంచి, నీటికి రెండంగుళాల పైన మొదళ్ళ దగ్గర చూడాలి. గట్టు మీద నిలబడ్డవారికి చేనంటే పచ్చటి ఆకులే. ఆ ఆకుల కింద నీడ, తేమ, కదలని గాలి. మూడు నాలుగు మిల్లీమీటర్ల గోధుమరంగు దోమ ఒకటి పిలకను కరచుకుని, సన్నటి నోటిని కాండంలోకి దించి రసం పీలుస్తూ ఉంటుంది. దానికి జానెడు దూరంలో బూడిదరంగు సాలీడు ఒకటి వల అల్లకుండా, కాళ్ళు చాపి పొంచి ఉంటుంది. దోమ కదిలిందంటే అది దూకుతుంది. దోమ తప్పించుకుని నీళ్ళలో పడినా బతుకుతుందన్న నమ్మకం లేదు. నీటి మీద నడిచే చిన్న పురుగులు అక్కడ కాచుకుని ఉంటాయి. ఒక్కోటి ఒకటిన్నర మిల్లీమీటరు మించదు. దోమ పడ్డచోట నీరు చెదరగానే ఆ అలల జాడ పట్టుకుని నాలుగైదు కలిసి వచ్చి దాన్ని చుట్టుముడతాయి.

ఆ దోమే సుడిదోమ. చేను మధ్యలో గుండ్రంగా, సుడి తిరిగినట్టు పైరు ఎండిపోతుంది కాబట్టి గోదావరి, కృష్ణా జిల్లాల రైతులు దానికా పేరు పెట్టారు. దోమపోటు అన్నా అదే. కోతకు రెండు మూడు వారాల ముందు, కంకి పాలుపోసుకునే వేళ, నిన్నటిదాకా పచ్చగా ఉన్న మడిలో నాలుగు రోజుల్లో చాపలు పరిచినంత మేర ఎండుగడ్డిగా మారితే ఆ ఇంట్లో ఎలా ఉంటుందో వరి పండించేవారికి వేరే చెప్పక్కర్లేదు. అందుకే దోమ పేరు వినగానే చెయ్యి మందు డబ్బా మీదికి పోతుంది. కానీ దోమ ఎందుకు అంతగా పెరిగిందన్న ప్రశ్నకు జవాబు దోమలో లేదు. దాని చుట్టూ ఉన్న జీవాల్లో ఉంది.

ఆ చుట్టూ ఉన్నవి ఎన్ని? ఇండోనేషియాలోని జావా దీవి వరిపొలాల్లో విలియం సెటిల్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఓపిగ్గా లెక్క తీసి 1996లో ప్రచురించారు. పురుగులు, సాలీళ్ళు కలిపి 765 జాతులు తేలాయి. వాటిలో వరిని గాని, మరో మొక్కను గాని తిని బతికేవి 127 మాత్రమే. వేటాడి తినేవి 306. ఇతర పురుగుల గుడ్లలోనో ఒంట్లోనో తమ గుడ్లు పెట్టి వాటిని లోపలినుంచి తినేసే బదనికలు 187. మిగతా 145 జాతులు వరి జోలికి పోవు, వేటకూ పోవు. కుళ్ళిన గడ్డి, నీటిలోని నాచు, కంటికి కనపడని ప్లవకాలు వాటి తిండి. అంటే పొలంలో కనపడే పురుగుల్లో మూడింట రెండు వంతుల జాతులు పైరు తినేవాటిని, ఇతర పురుగులను తినే పక్షంలో ఉన్నవే. పురుగు కనపడితే చాలు పంటకు చేటు అనుకునే అలవాటుకు ఈ లెక్క గట్టి జవాబు.

సుడిదోమ సామర్థ్యాన్ని మాత్రం తక్కువగా అంచనా వేయకూడదు. ఆడదోమ తన గుడ్లను ఆకు తొడుగును చీల్చి లోపల పెడుతుంది. వారం, తొమ్మిది రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. మరో రెండు వారాల్లో ఐదుసార్లు కుబుసం విడిచి పెద్దవవుతాయి. ఒక పంటకాలంలో మూడు తరాలు తేలిగ్గా నడుస్తాయి. పెద్దయిన దోమల్లో రెండు రకాలు: పొట్టి రెక్కలవి, పొడుగు రెక్కలవి. తిండి దండిగా ఉన్నప్పుడు పొట్టి రెక్కలవి ఎక్కువ పుడతాయి. అవి ఎగరలేవు. ఎగిరే పనికి ఖర్చయ్యే బలమంతా గుడ్లకే పెడతాయి. చేను ముదిరి, దుబ్బుమీద కిక్కిరిసిపోయినప్పుడు పొడుగు రెక్కలవి పుట్టి ఎగిరిపోతాయి. ఏ పిల్లకు ఏ రెక్కలు రావాలో దాని ఒంట్లో ఇన్సులిన్ సంకేతాలను అందుకునే రెండు గ్రాహకాలు తేలుస్తాయని చైనా శాస్త్రవేత్తలు 2015లో కనిపెట్టారు.

అలా ఎగిరిన దోమలు పక్క మడికే పోవు. జపాన్‌లో సుడిదోమ చలికాలం బతకలేదు. అయినా ఏటా జూన్, జూలై నెలల్లో రుతుపవనాల గాలిమీద చైనా వైపునుంచి సముద్రం దాటి అక్కడ వాలుతుంది. గాలితో కొట్టుకొచ్చే దోమకు వెనకాల దాని వేటగాళ్ళలో చాలావరకు అంతే వేగంగా రావు. 1732లో జపాన్ పడమటి ప్రాంతాలను ఊడ్చేసిన క్యోహో కరువుకు ఈ జాతి దోమలే ముఖ్య కారణం. ఆ కాలంలో అక్కడి రైతులు పొలం నీటి మీద తిమింగలం నూనె పోసి, దుబ్బులను దులిపి దోమలను అందులో పడేసేవారు. ఉష్ణమండల ఆసియాలో కథ వేరు. ఇక్కడ వరి ఏడాదంతా ఎక్కడో ఒకచోట ఉంటుంది, దాన్ని తినే దోమా ఉంటుంది, దోమను తినేవీ ఉంటాయి. హరిత విప్లవానికి ముందు మన దగ్గర సుడిదోమను పెద్ద పురుగుగా ఎవరూ లెక్కించలేదు.

దోమ కూడా ఒంటరిది కాదు. వరి రసంలో చక్కెర దండిగా ఉంటుంది, మాంసకృత్తులకు కావలసిన దినుసులు బాగా తక్కువ. అంత నాసిరకం తిండితో అన్ని గుడ్లు ఎలా పెడుతుంది? దాని కొవ్వు కణజాలంలో ఈస్టు లాంటి సూక్ష్మజీవులు కాపురముంటాయి. దోమ ఒంట్లో పేరుకునే వ్యర్థ నత్రజనిని అవి మళ్ళీ పనికొచ్చే అమైనో ఆమ్లాలుగా మార్చి ఇస్తాయి. దోమ తనంతట తాను తయారుచేసుకోలేని స్టెరాళ్ళు కూడా వాటి నుంచే అందుతాయి. తల్లినుంచి గుడ్డుద్వారా పిల్లకు అవి వారసత్వంగా చేరతాయి. ఎక్కువైన చక్కెరను దోమ జిగురు బొట్లుగా విసర్జిస్తుంది. ఆ జిగురుమీద నల్లటి బూజు పెరుగుతుంది. దుబ్బు మొదళ్ళు మసిబారి కనపడటానికి కారణం అదే. ఒక దోమ, ఒక ఈస్టు, ఒక బూజు, ఒక వరి మొక్క: ఒకదాని బతుకు ఒకదానికి ముడిపడి ఉంది.

ఇక దోమను తినేవారు. మొదట చెప్పిన వేటసాలీడు వాటిలో పెద్దది. రోజుకు ఐదు నుంచి పదిహేను దోమలను తింటుందని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ లెక్క. తల్లి సాలీడు గుడ్ల సంచిని వెనకభాగానికి అంటించుకునే వేటాడుతుంది. గుడ్లు పగిలాక పిల్లలన్నీ తల్లి వీపెక్కి కొన్నాళ్ళు తిరుగుతాయి. ఆకుపచ్చ, నలుపు కలిసిన మిరిడ్ నల్లి దోమ గుడ్లకోసమే పుట్టినట్టుంటుంది. ఆకు తొడుగు వెంట ముక్కు ఆనించి నడుస్తూ, గుడ్డు దాగిన చోటు పసిగట్టి, అక్కడ నోరు దించి పీల్చేస్తుంది. రోజుకు ఏడు నుంచి పది గుడ్లు దాని వాటా. దోమ పిల్లలు దొరికినా వదలదు. అయితే వేటసాలీడు ఈ మిరిడ్ నల్లిని కూడా తింటుంది, తోటి సాలీళ్ళనూ తింటుంది. మనకు మిత్రులైనంత మాత్రాన అవి ఒకదానికొకటి మిత్రులు కావు.

బదనికల పని మరింత నిశ్శబ్దంగా సాగుతుంది. అనాగ్రస్ అనే కందిరీగ జాతి ఉంది. పొడవు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. రెక్కల అంచులకు వెంట్రుకల కుచ్చు ఉంటుంది. ఆడది తొడుగులో దాగిన దోమ గుడ్డును వెతికి పట్టి, అందులో తన గుడ్డు పెట్టి వెళ్ళిపోతుంది. దోమ పుట్టాల్సిన గుడ్డులోంచి కొన్నాళ్ళకు కందిరీగ బయటికొస్తుంది. డ్రైనిడ్ అనే మరో రకం కందిరీగ ఇంకా సాహసి. దాని ముందరికాళ్ళ చివర పటకారు లాంటి గోళ్ళుంటాయి. దోమపిల్లను ఆ పటకారుతో పట్టుకుని, ఆకలేస్తే అక్కడే తింటుంది, లేదంటే దాని ఒంట్లో గుడ్డు పెట్టి వదిలేస్తుంది. గుడ్డు పడిన దోమపిల్ల పొట్ట పక్కన కొన్నాళ్ళకు సంచిలాంటి ఉబ్బు కనపడుతుంది. లోపల కందిరీగ పిల్ల పెరుగుతోందని గుర్తు.

ఇంతమంది వేటగాళ్ళకు దోమ జాడ ఎవరు చెబుతారు? కొంతవరకు వరి మొక్కే. దోమ కుట్టినప్పుడు వరి గాలిలోకి వదిలే వాసనల మిశ్రమం మారుతుంది. ఆ మార్పును అనాగ్రస్ కందిరీగలు, మిరిడ్ నల్లులు పసిగట్టి వస్తాయని చైనా ప్రయోగశాలల్లో పదేపదే రుజువైంది. అక్కడితో ఆగితే చెప్పుకోవడానికి బాగానే ఉండేది. కానీ జీవం ఇంకో మలుపు తిప్పింది. 2020లో వెలువడిన ఒక అధ్యయనంలో, అక్కడి చారల కాండం తొలుచు పురుగు పట్టిన వరి మొక్కలనే సుడిదోమలు కావాలని ఎంచుకుంటాయని తేలింది. కాండం తొలుచు పురుగు కొరికిన మొక్క వేరే రకం వాసన వదులుతుంది. ఆ వాసన అనాగ్రస్‌ను దూరం చేస్తుంది. ఇంకో పురుగు చేసిన గాయం మాటున దోమ తన గుడ్లను దాచుకుంటుందన్నమాట. ఒకే దుబ్బుమీద తిండికోసం పోటీపడాల్సిన రెండు పురుగుల మధ్య ఇలాంటి బంధం ఉంటుందని ముందుగా ఎవరూ ఊహించలేదు.

ఈ వేటగాళ్ళ కథలో అన్నిటికన్నా గట్టి చిక్కుముడి ఇది. నాట్లు వేసిన తొలివారాల్లో చేలో దోమలు దాదాపు ఉండవు. తినడానికి ఏమీ లేని చోట వేటగాడు ఎలా బతుకుతాడు? పాఠ్యపుస్తకాలు చెప్పే వరుస ప్రకారం ముందు పైరు, తర్వాత పైరును తినే పురుగు, ఆ తర్వాతే దాన్ని తినే వేటగాడు రావాలి. అలా జరిగితే వేటగాడు ప్రతిసారీ ఆలస్యంగా వస్తాడు, దోమ అప్పటికే పొలమంతా కమ్మేసి ఉంటుంది. కానీ సెటిల్ బృందం జావాలో చూసినప్పుడు సాలీళ్ళు, నీటి పురుగులు దోమకన్నా ముందే, దండిగా ఉన్నాయి. అవేం తింటున్నాయి?

బురదలోంచి పుట్టేవాటిని తింటున్నాయి. దమ్ము చేసినప్పుడు పాత కోతమోళ్ళు, గడ్డి, పశువుల ఎరువు బురదలో కలుస్తాయి. వాటిని బాక్టీరియా కుళ్ళబెడుతుంది. నీళ్ళలో నాచు, ప్లవకాలు పెరుగుతాయి. వాటిని మేసి కుట్టని చిన్నచిన్న నీటిదోమలు లక్షల్లో పుడతాయి. ఇవి సుడిదోమకు చుట్టాలు కావు, వరి ముట్టవు. కుళ్ళు మీద బతికే ఎగిరిదూకే సన్నపురుగులు వీటికి తోడు. తొలి నెలలో ఈ గుంపు పెరిగి, ఆ తర్వాత తగ్గుముఖం పడుతుంది. సాలీళ్ళు ఈ తిండిమీద బలిసి, పిల్లల్ని కని, చేనంతా పరుచుకుంటాయి. నీటిదోమలు తగ్గే వేళకు సుడిదోమలు పెరగబోతాయి. అప్పటికి వేటగాళ్ళు సిద్ధంగా ఉంటాయి. సెటిల్ బృందం కొన్ని మళ్ళలో సేంద్రియ ఎరువు పెంచి చూసింది. బురద పురుగులు పెరిగాయి, వాటితోపాటు వేటగాళ్ళూ పెరిగాయి. పెంటకుప్పనుంచి పొలానికి తోలే ఎరువు నేలకు బలం ఇస్తుందని అందరికీ తెలుసు. అది సాలీళ్ళకు తొలి తిండి కూడా అవుతుందని ఈ పని వల్లే తెలిసింది. వరిపొలంలో జీవాల మధ్య ఉన్న బంధాల గురించి ఇంతకన్నా ముఖ్యమైన విషయం మరొకటి బయటపడలేదని చెప్పవచ్చు.

ఇప్పుడు నాట్లు వేసిన ఇరవయ్యో రోజున, ఆకుముడత కాస్త కనపడిందని, ముందుజాగ్రత్త అని మందు కొట్టారనుకుందాం. ఆ తొలివారాల ఆకుముడత వల్ల దిగుబడి తగ్గదు. పైరు కొత్త ఆకులు వేసి పూడ్చుకుంటుంది. మందు వల్ల మాత్రం నీటిదోమలు చస్తాయి, సాలీళ్ళు చస్తాయి, కందిరీగలు చస్తాయి. తొడుగు లోపల ఉన్న దోమ గుడ్లకు మందు సరిగా తగలదు. వారం తిరిగేసరికి అవి పగిలి పిల్లలు వస్తాయి. కాపలా లేని చేలో అవి నిర్భయంగా పెరుగుతాయి. దోమ తరం మూడు వారాల్లో తిరుగుతుంది. సాలీడు పెరగడానికి అంతకంటే చాలా ఎక్కువ కాలం పడుతుంది. పైగా కొన్ని మందులు, ముఖ్యంగా డెల్టామెత్రిన్, మిథైల్ పారాథియాన్ లాంటివి, చావని మోతాదులో తగిలితే దోమ మరిన్ని గుడ్లు పెడుతుందని 1980ల ప్రాంతంలోనే తేలింది. యూరియా ఎక్కువైన పైరుమీద కూడా దోమ సంతానం పెరుగుతుంది. మందు కొట్టాక దోమ తగ్గకపోగా రెట్టింపు కావడం చూసి మందు కల్తీ అయిందని అనుకునే రైతు ఎందరో. అసలు మందు కూడా సరిగ్గా ఇదే పని చేస్తుంది.

1970ల చివర్లో ఫిలిప్పీన్స్‌లో పరిశోధన చేసిన పీటర్ కెన్‌మోర్ ఈ విషయాన్ని పొలంలోనే నిరూపించాడు. మందు కొట్టని మళ్ళలో దోమ వేటగాళ్ళ చేతుల్లో అణిగే ఉంది. పక్కనే మందు కొట్టిన మళ్ళలో విజృంభించింది. మందు లేకపోతే పంట దక్కదని నమ్మే రోజుల్లో ఆ ఫలితం చాలామందికి మింగుడుపడలేదు.

నిజానికి ఇలా జరుగుతుందని లెక్కల్లో అంతకు యాభై ఏళ్ళ ముందే తేలింది, అదీ చేపల బజారులో. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఏడ్రియాటిక్ సముద్రంలో చేపల వేట బాగా తగ్గిపోయింది. ఉంబెర్టో డాంకోనా అనే ఇటలీ జీవశాస్త్రవేత్త ఆ తీరపు రేవుల చేపల లెక్కలు తిరగేశాడు. యుద్ధకాలంలో సొరచేపల లాంటి వేటచేపల వాటా పెరిగినట్టు కనపడింది. ఎందుకలా అని తన మామగారు, గణితవేత్త వీటో వోల్టెరాను అడిగాడు. వోల్టెరా 1926లో సమీకరణాలు కట్టి చూపించాడు. వేటగాణ్ణీ వేటనూ ఒకే దెబ్బతో చంపే పని ఏదైనా, చివరికి వేటగాళ్ళను తగ్గించి వేటను పెంచుతుంది. వల అయినా అంతే, మందు అయినా అంతే. వలలు ఆగినప్పుడు సొరచేపలు పెరిగినట్టే, మందు ఆగినప్పుడు సాలీళ్ళు పెరుగుతాయి. ఆ సమీకరణాలు చాలా సాదావి, పొలం అంత సాదాది కాదు. అయినా అవి చెప్పిన దిశ మాత్రం పొలంలో నిలబడింది.

దీనికి దేశం స్థాయిలో పరీక్ష ఇండోనేషియాలో జరిగింది. 1970ల్లో ఆ దేశం కొత్త వంగడాలు, ఎరువులు, పురుగుమందులు గ్రామగ్రామానికీ పంచింది. మందుల ధరలో 80 శాతం దాకా ప్రభుత్వమే భరించేది. 1977లో సుడిదోమ వల్ల పది లక్షల టన్నులకు పైగా బియ్యం నష్టమయ్యాయి. ఆ తర్వాత దోమను తట్టుకునే కొత్త వంగడాలతో నిలదొక్కుకుని, 1984లో బియ్యంలో స్వయంసమృద్ధి ప్రకటించుకుంది. రెండేళ్ళు తిరక్కుండానే దోమ మళ్ళీ విరుచుకుపడింది. శాస్త్రవేత్తల సలహా విన్న అధ్యక్షుడు సుహార్తో 1986 నవంబరులో ఒక ఆదేశంపై సంతకం చేశాడు. వరిపై 57 రకాల పురుగుమందుల వాడకం నిషేధం. 1989కల్లా మందుల సబ్సిడీ కూడా ఎత్తేశారు. మందుల వాడకం సగానికి పైగా పడిపోయింది. దిగుబడి మాత్రం పడిపోలేదు, పెరిగింది.

ఆదేశం ఒక్కటే సరిపోలేదు. 1989లో జావాలో రైతుల కోసం పొలంలోనే బడి మొదలైంది. పంటకాలమంతా వారానికోసారి పాతికమంది రైతులు గట్టు దగ్గర కలుస్తారు. బల్లలు లేవు, ఉపన్యాసాలు లేవు. ఒక వరి మొక్కను గాజు సీసాలోనో తెర కట్టిన డబ్బాలోనో పెట్టి, లెక్కపెట్టి దోమలను, ఒక సాలీణ్ణి వదులుతారు. మర్నాడు ఎన్ని దోమలు మిగిలాయో రైతే లెక్కపెడతాడు. తన కళ్ళతో చూసిన రైతుకు ఆ తర్వాత సాలీడు గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. పదేళ్ళలో ఇండోనేషియాలో పది లక్షలకు పైగా రైతులు ఈ బడిలో చదివారు. తెలుగునాట ఇదే పద్ధతి ‘పొలంబడి’ పేరుతో వచ్చింది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య నిర్వహణ సంస్థ ఇప్పటికీ ఒక సులువైన కొలత నేర్పుతుంది: రెండు హానికర పురుగులకు ఒక మిత్రపురుగు లెక్కన ఉంటే మందు జోలికి పోనక్కర్లేదు.

పురుగును తట్టుకునే వంగడం ఉంటే ఈ తంటా దేనికని అడగవచ్చు. ఆ దారి కూడా ఒక పరుగుపందెమే. సుడిదోమను తట్టుకునే జన్యువుతో ఐఆర్ 26 అనే వంగడం 1973లో విడుదలైంది. రెండు మూడేళ్ళలోనే దాన్ని తినగలిగే దోమలు పెరిగిపోయాయి. ఆ తర్వాత వేరే జన్యువుతో వచ్చిన ఐఆర్ 36కూ కొన్నేళ్ళకు అదే గతి పట్టింది. దక్షిణాసియా దోమకైతే ఆ మొదటి జన్యువు ఎప్పుడూ అడ్డే కాలేదు. ఎక్కువకాలం నిలిచింది కేరళలోని పట్టాంబి కేంద్రం అందించిన పీటీబీ 33 అనే పాతకాలపు వరి. దానిలో ఒక్క జన్యువు కాదు, కొన్ని కలిసి పనిచేస్తాయి. ప్రపంచంలో దోమను తట్టుకునే వరి కోసం చేసిన ప్రయత్నాల్లో దాని పేరు మళ్ళీమళ్ళీ వస్తుంది. 1925లో మొదలైన పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధన కేంద్రం కూడా దశాబ్దాలుగా దోమను తట్టుకునే రకాలు ఇస్తూనే ఉంది. చైతన్య, కాటన్‌దొర సన్నాలు ఆ కోవలోవే. కానీ తెలుగువారి పళ్ళెంలోకి ఎక్కువ ఇష్టంగా వచ్చే సాంబమసూరి, 1986లో బాపట్ల నుంచి వచ్చిన బీపీటీ 5204, దోమకు తేలిగ్గా లొంగిపోతుంది. తినేవారి రుచి కూడా ఆ దుబ్బు మొదట్లో జరిగే పోరులో ఒక పాత్రే.

మనిషి చెయ్యి ఎంత దూరం పోతుందో చూపడానికి ఊద మొక్క చాలు. వరిలో పెరిగే ఈ కలుపు లేతదశలో అచ్చం వరిలాగే ఉంటుంది. నిటారుగా లేచిన ఆకులు, పచ్చటి మొదలు, చూపు తప్పించే పోలిక. కలుపు తీసేవారు వరికి భిన్నంగా కనపడ్డ మొక్కను పీకేస్తారు. కాస్త పోలిక ఉన్నది మిగిలి విత్తనం వేస్తుంది. వందల ఏళ్ళు ఇదే జరిగితే కలుపు తనంతట తానే వరి రూపం దాలుస్తుంది. చైనాలో యాంగ్‌జీ నది లోయలో ఊద జన్యువులను పరిశీలించినవారు ఆ పోలిక సుమారు వెయ్యేళ్ళ కిందట రూపుదిద్దుకుందని 2019లో తేల్చారు. కలుపు తీసే చేతులే తెలియకుండా ఆ మొక్కను మలిచాయి.

పొలంలో ఒకరికొకరు మేలు చేసుకునే జంటలూ ఉన్నాయి. నీటిమీద తేలే అజొల్లా ఆకుల లోపలి చిన్న గదుల్లో అనబీనా అనే నీలాకుపచ్చ సూక్ష్మజీవి ఉంటుంది. గాలిలోని నత్రజనిని పట్టి అజొల్లాకు ఇస్తుంది, బదులుగా నీడ, తిండి పొందుతుంది. చివరికి ఆ నత్రజని వరికి చేరుతుంది. దుక్కిటెద్దుల వెంట, ఇప్పుడు ట్రాక్టరు వెంట, వాలే తెల్లకొంగలు బయటపడిన పురుగుల్ని తింటాయి. దున్నేవాడికి వాటివల్ల ఇబ్బంది లేదు. రాత్రిపూట కప్పలు ఆ పని చేస్తాయి. ఒకప్పుడు మన దేశం కప్పకాళ్ళను పెద్దఎత్తున ఎగుమతి చేసింది. పొలాల్లో కప్పలు తరిగిపోతున్నాయన్న ఆందోళన పెరగడంతో 1987లో ఆ ఎగుమతిని నిషేధించారు.

గట్టును కూడా ఈ లెక్కలోకి తెచ్చినవారున్నారు. బదనిక కందిరీగలకు దోమ గుడ్లు పిల్లల కోసం. అవి మాత్రం పూలతేనె తాగి బతుకుతాయి. వరిలో ఆ తేనె దొరకదు. థాయ్‌లాండ్, చైనా, వియత్నాం దేశాల్లో వరి గట్లమీద నువ్వు లాంటి పూలమొక్కలు పెంచి కొన్నేళ్ళపాటు కొలిచి చూశారు. 2016లో వెలువడిన ఫలితాల ప్రకారం పురుగుమందుల వాడకం 70 శాతం తగ్గింది, ధాన్యం దిగుబడి 5 శాతం పెరిగింది. మన జిల్లాల్లో గట్లమీద కంది, మినుము వేసే అలవాటు ఎప్పటినుంచో ఉంది. గట్టు ఖాళీగా ఉంచి గడ్డిమందు కొట్టడంకన్నా ఆ పాత అలవాటే పొలానికి మేలు. వియత్నాంలో మెకాంగ్ డెల్టా రైతులకైతే 1990ల్లో ఒకే మాట చెప్పారు: నాటిన తొలి నలభై రోజులు మందు కొట్టొద్దు. రేడియోలో, గోడపత్రికల్లో ఆ మాటే. పంటకు సగటున 3.4 సార్లు కొట్టేవారు 1.6 సార్లకు దిగారు.

ఈ విజయాలు శాశ్వతం కాలేదు. నిషేధించిన మందుల స్థానంలో కొత్త పేర్లతో మందులు పెరిగాయి. దోమ వాటికీ అలవాటు పడింది. ఇమిడాక్లోప్రిడ్ అనే మందు మీద ఉన్న నమ్మకం 2000ల మధ్యనుంచే సడలడం మొదలైంది. 2010, 2011లో జావాలో సుడిదోమ మళ్ళీ తీవ్రంగా వచ్చింది. అంతకు కొద్దిగా ముందు థాయ్‌లాండ్ వరిమళ్ళలోనూ అదే జరిగింది. సాలీళ్ళకు తిండి పెట్టడం మానేసి మందు పిచికారీ పెంచిన ప్రతిచోటా ఫలితం ఒకేలా ఉంది.

కాబట్టి వచ్చే సార్వాలో, యాసంగిలో రైతులు చేయదగ్గ పని ఖరీదైనదేమీ కాదు. నాటేటప్పుడు రెండు మీటర్లకొకటి చొప్పున తూర్పు పడమరలుగా జానెడు కాలిబాటలు వదలండి. దుబ్బు మొదళ్ళకు గాలి, వెలుతురు తగిలితే దోమకు ఆ చోటు నచ్చదు. యూరియా ఒకేసారి గుమ్మరించకుండా విడతలుగా వేయండి. దమ్ములో పశువుల ఎరువు కలపండి. తొలి నలభై రోజులు ఓపిక పట్టండి. ఆ తర్వాత వారానికోసారి చేలో అక్కడక్కడా ఇరవై దుబ్బులను వంచి, తట్టి, నీటిమీద పడ్డ దోమలను లెక్కపెట్టండి. పిలకదశలో దుబ్బుకు పదిహేను, ఈనిక తర్వాత పాతిక దాటేదాకా మందు అవసరం రాదు. దోమలతోపాటు సాలీళ్ళను, మిరిడ్ నల్లులను కూడా లెక్కపెట్టండి. మందుల దుకాణంలో ఎవరు ఏం చెప్పినా, మందు కొనేముందు ఈ రెండు అంకెలూ మీ చేతిలో ఉండాలి.